సాయమ్మ పత్రి

నాకు కోపం ఎక్కువ. మా నాన్న నుంచి సెంటు భూమి రాలేదు గానీ, కోపం మాత్రం ఏ తగాదా లేకుండా మొత్తం నా వాటాకే వచ్చింది. ఆ కోపంతోనే చైతన్యపురి కోచింగ్ సెంటర్లలో ఇరవై ఎనిమిదేళ్లు బోటనీ చెప్పాను. పిల్లలు వెనకాల నన్ను బ్రహ్మజెముడు సారు అనేవారట. రిటైరయ్యాక తెలిసింది. తెలిసి సంతోషించాను కూడా, ఒక మొక్క పేరైనా గుర్తుపెట్టుకున్నారు కదా అని.

పేరు పట్టాభి. మాది రాజమండ్రి దగ్గర. ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లు దాటినా, ఎవరైనా "మీదెక్కడండీ" అంటే నా నోటికి ముందు గోదావరే వచ్చేది. చైతన్యపురి అని చెప్పుకోవడానికి ఏముంది? మెట్రో స్తంభాలు, టిఫిన్ బండ్లు, హాస్టల్ కిటికీలకు ఆరేసిన తువ్వాళ్లు. "ఇక్కడ మొలిచేవి రెండే, కోచింగ్ బోర్డులూ టులెట్ బోర్డులూ" అని క్లాసులో అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. నేనేదో గొప్ప మాట అన్నాననుకునేవాణ్ణి.

మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఏటా వినాయకుణ్ణి పెడతాం. చవితి రోజు ఈ చుట్టుపక్కల పంతులుగారు దొరకడమంటే పొద్దున తొమ్మిదింటికి మెట్రోలో సీటు దొరకడమే. అందుకని నాలుగేళ్లుగా పుస్తకం పట్టుకుని పూజ చేయించేది నేనే. మండపం పక్కన ఒక నల్లబల్ల ఉంటుంది. ఎవరు ఏమిచ్చారో దాని మీద రాస్తాం. విగ్రహం ఫలానా వారు, లడ్డూ ఫలానా వారు, పులిహోర ఫలానా వారు. అన్నిటికన్నా కింద ఏటా ఒకటే వరస ఉంటుంది: పత్రి – సాయమ్మ.

సాయమ్మ మా వాచ్‌మన్ బుచ్చయ్య భార్య. అరవై దాటాయి. పుట్టింది నాగోలు పాత ఊళ్లో. చిన్నతనంలో మూసీ గట్టున గడ్డి కోసి బర్రెలవాళ్లకి అమ్మేదట. మా అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచీ, అంటే పందొమ్మిదేళ్లుగా, చవితి పొద్దున గోనెసంచి నిండా పత్రి తెచ్చి మండపంలో పెట్టడం ఆవిడ పని. పని అన్నాను గానీ ఎవరూ పురమాయించింది కాదు. ఎవరైనా డబ్బివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది.

ఈ ఏడు నాకు బుద్ధి వక్రించింది. వినాయకుడికి ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజ చెయ్యాలని పుస్తకంలో ఉంది. ఇన్నేళ్లూ నేను పేర్లు చదువుకుంటూ పోయి, సాయమ్మ సంచిలోంచి చేతికందిన ఆకు వేసేసేవాణ్ణి. ఈసారి శాస్త్రోక్తంగా చేయించాలని పట్టుదల పుట్టి, మా బావమరిది ఉపేంద్రకు ఫోన్ చేశాను. గోదావరి గట్టు నుంచి ఇరవై ఒక్క రకాలూ సేకరించి బస్సులో వేయమన్నాను. "నీళ్లు బాగా చల్లి, పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టు. వాడిపోకూడదు" అని కూడా చెప్పాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

చవితి ముందురోజు సాయంత్రం సెల్లార్‌లో అందరం కూడి ఉండగా సాయమ్మ వచ్చింది.

"సారూ, రేపు పత్రి ఎన్ని గంటలకు తేవాలె?"

"ఈసారి నువ్వు తేనక్కర్లేదు సాయమ్మా. గోదావరి నుంచి వస్తోంది."

"గంత దూరం నుంచా? ఎందుకు సారూ, ఈడ లేదా?"

నేను అక్కడ ఊరుకోవాల్సింది. పక్కన సంఘం సెక్రటరీ యోగేందర్ ఉన్నాడు, మరో పదిమంది ఉన్నారు. నలుగురు పోగైతే చాలు, నా నోరు క్లాసులోకి వెళ్లిపోతుంది.

"ఇక్కడేం మొలుస్తాయి? బోర్డులు మొలుస్తాయి. నువ్వు తెచ్చేదాంట్లో ఆకెంత, చెత్తెంత? మురుగు నాలా పక్కన మొలిచిన పిచ్చిమొక్కలన్నీ ఇన్నేళ్లూ దేవుడి నెత్తిన వేయించావు."

అందరూ నవ్వారు. సాయమ్మ నవ్వలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, "మంచిది సారూ" అని వెళ్లిపోయింది. నేను సుద్దముక్క తీసుకుని బల్ల మీద కింది వరసలో రాశాను: పత్రి – ఉపేంద్ర గారు, రాజమహేంద్రవరం.

అన్నం దగ్గర మా ఆవిడ సూర్యప్రభ అందుకుంది. "సాయమ్మ పేరు తీసేశారటగా. బల్ల మీద అందరూ తలొకటి ఇచ్చుకున్నారు. ఆవిడ ఇచ్చుకోగలిగింది అదొక్కటేనండీ. దాన్ని పట్టుకుని చెత్త అంటారా?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. నా దగ్గర సమాధానం లేనప్పుడల్లా నేననే మాట అది. ముప్పై ఏళ్లుగా వింటోంది కాబట్టి ఆవిడకీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడ్డాను. తూర్పు నుంచి వచ్చే బస్సులన్నీ అక్కడే జనాన్ని దింపుతాయి. మా బస్సు వచ్చింది, క్లీనర్ డిక్కీలోంచి సంచి తీసి చేతికిచ్చాడు. పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. మూతి విప్పాను. లోపలంతా నల్లగా, జిగటగా, ఉడకబెట్టి మర్చిపోయిన తోటకూరలా ఉంది. ఆ వాసనకి పక్కనున్న ఆటో అతను కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

తెంపిన ఆకు కూడా శ్వాసిస్తుంది. శ్వాసిస్తే వేడి పుడుతుంది. గాలి ఆడకపోతే కుళ్లుతుంది. ఈ ముక్క నేను ఇరవై ఎనిమిదేళ్లు బొమ్మ గీసి మరీ చెప్పాను. మూతి బిగించి కట్టమన్నదీ నేనే.

పూజ పదకొండింటికి. దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో అమ్మే పత్రి కట్టల్లో నాలుగైదు రకాలు మించి ఉండవని నాకు తెలుసు. ఇరవై ఒక్క రకాలని అందరి ముందూ డప్పు కొట్టుకున్నాను. సంచిని అక్కడే చెత్తకుండీలో పడేసి, స్కూటర్ ఇంటివైపు తిప్పాను.

సాయమ్మ గేటు ముందు ముగ్గు వేస్తోంది. జరిగింది చెప్పాను. విని మళ్లీ ముగ్గులో పడింది.

"నిన్న నేను అనకూడని మాట అన్నాను సాయమ్మా. మనసులో పెట్టుకోకు. ఎప్పటిలా నువ్వే తెచ్చిపెట్టు."

"నేను తేను సారూ." ముగ్గు గీత ఎక్కడా వంకర పోలేదు. "నేను తెస్తె చెత్త అంటివి. అందరి ముంగట అంటివి. నీ చేతితోటి నువ్వే తెంపు. ఏడున్నదో నేను చూపిస్త. ఆకో చెత్తో నీకే తెలుస్తది."

కోపం వచ్చింది. అయితే దాన్ని ఎవరి మీద చూపించాలో తోచలేదు. "సరే, ఎక్కు" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి తడిపిన గోనెసంచి తెచ్చుకుంది. "గాలి ఆడాలె. మూతి కట్టద్దు" అంది. నన్ను ఉద్దేశించే అందో, మామూలుగా అందో, ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

స్కూటర్ ఎక్కిన నిమిషానికే దిగమంది. మా గేటు నుంచి వంద అడుగులైనా రాలేదు. ఆడపిల్లల హాస్టల్ వెనక ఖాళీ ప్లాటు అది. దాని పక్కనుంచే నేను రోజూ వాకింగుకి వెళ్తాను, ముక్కు మూసుకుని.

"గిదేంది సారూ?"

ఉమ్మెత్త. తెల్లటి పొడుగాటి పువ్వు. దాని నిలువుకోత బొమ్మ కొన్ని వేలసార్లు నల్లబల్ల మీద గీశాను, ఒక్కసారీ ముట్టుకోలేదు. పొద్దుగూకేటప్పుడు గొడుగు తెరిచినట్టు విచ్చుకుంటుందని సాయమ్మ చెబితే తెలిసింది. దాని పక్కనే వాకుడు. అదీ ఉమ్మెత్త కుటుంబమే అని నేను చెప్పబోయేలోగా ముల్లు బొటనవేలికి దిగింది. "పైలం" అని హెచ్చరించింది సాయమ్మ, దిగాక. రెండడుగుల్లో జిల్లేడు. ఎలక్ట్రిక్ స్తంభాన్ని ఆనుకుని గరిక.

"ఉత్తరేణి కావాలి" అన్నాను జేబులోంచి పూజ పుస్తకం తీసి చూసి.

"నీ పాయింటుకు చూస్కో."

వంగి చూశాను. ప్యాంటు అంచుల చుట్టూ చిన్న చిన్న ముళ్లగింజలు, కుట్టుపని చేసినట్టు వరసగా. గింజలు జంతువుల ఒంటికి అంటుకుని వ్యాపిస్తాయి, ఉదాహరణకి ఉత్తరేణి అని ఏటా చెప్పాను. ఇన్నేళ్లూ ఆ జంతువుని నేనే. వాకింగు నుంచి వచ్చాక సూర్యప్రభ నా ప్యాంటు ముందేసుకుని సణుగుతూ ఏరేది ఈ గింజల్నే. నాకు నవ్వాగలేదు. సాయమ్మ కూడా మొదటిసారి నవ్వింది.

విష్ణుక్రాంతం ఎంత వెతికినా కనిపించలేదు. "ఇక్కడ ఉండదులే" అన్నాను, అలవాటు చొప్పున.

"కూసో సారూ. నిలబడితె కనపడది."

కూర్చున్నాను. గడ్డిలో చొక్కా గుండీ అంత నీలంపువ్వు ఒకటి. దాన్ని చూశాక పక్కన పది కనిపించాయి. తర్వాత లెక్క తప్పింది. హాస్టల్ వెనకగోడ దాకా, పగిలిన బకెట్టు చుట్టూ, ఇటుకముక్కల సందుల్లో, ప్లాటంతా నీలంగా ఉంది. కళ్లు చెమర్చాయి. ఈ దారినే నేను కొన్ని వేలసార్లు ముక్కు మూసుకుని నడిచాను. ముక్కుతో పాటు కళ్లూ మూసుకున్నానన్నమాట.

"పగటీలికి, ఎండ నెత్తి మీదికొస్తె ముడుసుకుంటయి" అంది సాయమ్మ. "ఇగో గీ యాళ్లకొచ్చి చూడాలె. నేను రోజొస్త."

"రోజూనా? పత్రి కోసం కాకపోయినా?"

"పత్రికి ఏడాదికొక్కసారే గద సారూ. కండ్లకు రోజు కావాలె."

ఆ తర్వాత నేను వాదించడం మానేశాను. మెయిన్ రోడ్డు డివైడర్ మీద గన్నేరు ఉందంటే, రెండువైపులా బస్సులు హారన్లు కొడుతున్నా దాటివెళ్లి తెంపాను. కొత్తపేట వైపు ఒక పాత బిల్డింగు నీళ్లగొట్టం పగులులోంచి రావిమొక్క బయటికొచ్చి, తళతళలాడే ఎర్రటి చిగుళ్లతో ఊగుతోంది. హాస్టల్ పిల్లలు పెయింటు డబ్బాలో పెంచుకుంటున్న తులసి అడిగితే రెండు రెమ్మలు తెంపి ఇచ్చారు. ఒకరి గేటు మీది జాజి, ఇంకొకరి పెరటి దానిమ్మ, మామిడి. పార్కులో దేవకాంచనం. దాన్నే గండకీ పత్రం అంటారని మా పుస్తకంలో ఉంది. ఆ పార్కులోనే తోలు ఒలుచుకుంటూ నిలబడ్డ మద్దిచెట్టు. గుడి పక్క మారేడు. నేను వాటన్నిటి కిందా ఎప్పుడో ఒకప్పుడు స్కూటర్ పెట్టినవాణ్ణే.

తొమ్మిదింటికి నాగోలు వైపు మూసీ గట్టుకి చేరాం. మూసీ సంగతి చెప్పాలా? నల్లటి నీళ్లు, వాటి మీద సబ్బు నురగ, ఆ కంపు. నేను చేతిరుమాలు తీశాను. సాయమ్మ తీయలేదు. ఒడ్డుకి వంగిన ఈతచెట్టు చూపించింది. మట్టలకి గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి, ఇరవై దాకా. పసుప్పచ్చ పిట్టలు గడ్డిపోచలు ముక్కున పెట్టుకుని వచ్చి, గూటికి తలకిందులుగా వేలాడి అల్లుతున్నాయి. కింద నీళ్లు ఎలా ఉన్నాయో వాటికి పట్టలేదు.

"నా చిన్నప్పటి సంది ఈడనే కడతయి. నీళ్లు కరాబయినయని గవి పోలే. నేను పోలే" అంది.

గట్టు పొడవునా వావిలి పొదలు, కొసల్లో లేత ఊదారంగు పూలగుత్తులు. ఆకు నలిపితే ఘాటుగా, చల్లగా వాసన. ఆ వాసన ముందు మూసీ కంపు కాసేపు ఓడిపోయింది. నేను రెమ్మలు తెంపుతుంటే సాయమ్మ వెనక నుంచి అంది.

"నాకు సదువు రాదు సారూ. కానీ బల్ల మీద నా పేరు ఎరుకనే. కింది వరసల, మూడక్షరాలు. ఏటా పొద్దుగాల్నే చూసుకుంట. నిన్న గా జాగల పొడుగ్గ ఉండె."

నేను చేసిన తప్పు ఆకుల గురించి కాదు. ఒక మనిషి ఊరికీ దేవుడికీ తన చేత్తో ఇచ్చుకునేదాన్ని, ఒక్క సుద్దముక్కతో తుడిచేశాను. సిగ్గేసింది. అంత వయసొచ్చాక కూడా సిగ్గు ఒళ్లంతా పాకుతుందని అప్పుడే తెలిసింది.

ఆ గట్టునే రేగు దొరికింది. నాగోలు పాత ఊళ్లో పోచమ్మ గుడి ముందు జమ్మి. సాయమ్మ ముందు దానికి దండం పెట్టి, తర్వాత తెంపమంది. మిగిలినవి మూడు: మాచిపత్రి, మరువం, దేవదారు. మొదటి రెండూ ఏడుంటాయని అడిగితే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీ ఇంట్లనే సారూ."

ఫోన్ చేస్తే సూర్యప్రభ అంది: "మన బాల్కనీలో కుడిపక్క రెండు కుండీలు. ఆరేళ్లయింది. వాటి మీదే కదండీ మీరు రోజూ తువ్వాలు ఆరేసేది!"

ఇక దేవదారు. "గది మన దిక్కు లేదు సారూ. మార్కెట్ల అశోక ఆకు పెట్టి అదే దేవదారు అంటరు."

"మనమూ అదే పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

సాయమ్మ నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "దేవునికి తెల్వదా? లేనిది లేదని చెప్పు, అక్షింతలు వేయి. ఉన్నది మాత్రం ఉన్నదని గట్టిగ చెప్పు."

పదకొండింటికి పూజ మొదలుపెట్టాను. ఇరవై రకాలు ఇరవై అరిటాకు ముక్కల మీద విడివిడిగా పేర్చి ఉన్నాయి. పచ్చగా, తడిగా, చూడముచ్చటగా. జనం మెడలు చాచి చూస్తున్నారు. యోగేందర్ మైకు అందుకున్నాడు.

"చూసిండ్రా, గోదావరి పత్రి అంటె గోదావరి పత్రే! ఎంత తాజాగ ఉన్నదో. మన పట్టాభి సారుకు చప్పట్లు కొట్టుండ్రి!"

చప్పట్లు మోగాయి. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. సూర్యప్రభ చెప్పదు. సాయమ్మ అసలే చెప్పదు. ఏటా ముందు వరసలో నిలబడే మనిషి, ఆ రోజు వెనక గేటు పక్కన నిలబడి ఉంది. బల్ల మీద ఇంకా పొడుగాటి పేరే ఉంది.

యోగేందర్ చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"గోదావరి పత్రి దారిలోనే కుళ్లిపోయింది. నా తెలివితక్కువతనం వల్ల కుళ్లింది. ఇది ఇక్కడి పత్రి. సాయమ్మ దగ్గరుండి చూపిస్తే నేను తెంపాను. నిన్న దీన్నే చెత్త అన్నాను. నాతోపాటు మీరూ నవ్వారు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఎక్కడిదో వినండి."

చదవడం మొదలుపెట్టాను. "మాచీపత్రం పూజయామి. మా బాల్కనీ. బృహతీపత్రం పూజయామి, హాస్టల్ వెనక ప్లాటు." నా బొటనవేలు చూపించాను, నవ్వారు. "అపామార్గపత్రం పూజయామి. ఇది మీ అందరి ప్యాంట్లకీ చీరలకీ ఉంది, ఇంటికెళ్లి చూసుకోండి." నిజంగానే పది తలలు కిందికి వంగాయి. "విష్ణుక్రాంతపత్రం పూజయామి. అదే ప్లాటు. మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. పూజ కాగానే వెళ్లి చూడండి, నిలబడి కాదు, కూర్చుని." గన్నేరుకి మెయిన్ రోడ్డు డివైడర్ అన్నాను. దేవదారు దగ్గర ఆగాను. "ఇది మన దగ్గర లేదు. హిమాలయాల్లో ఉంటుంది. అక్షింతలు సమర్పయామి." లేదని చెప్పడానికి నాకు ఏమాత్రం చిన్నతనం అనిపించలేదు. ఇరవై ఉన్నవాడికి ఒకటి లేకపోతే ఏం?

"సింధువారపత్రం పూజయామి. వావిలాకు. మూసీ గట్టు, చైతన్యపురి."

"నాగోలు సారూ!" గేటు దగ్గర నుంచి గొంతు ఖంగుమంది. "గా గట్టు నాగోలుది!"

జనం అంతా వెనక్కి తిరిగి చూశారు. మళ్లీ నవ్వారు గానీ, అది నిన్నటి నవ్వు కాదు. ఎవరో పక్కకి జరిగి దారిచ్చారు. సాయమ్మ ముందు వరసలోకి నడిచి వచ్చి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది.

"నాగోలు" అని మైకులో సరిదిద్దుకున్నాను. నా జీవితంలో ఎవరైనా నా తప్పు దిద్దితే సంతోషించింది అదే మొదటిసారి. ఆఖరి ఆకు జిల్లేడు వేసేసరికి వినాయకుడి కాళ్లు కనిపించలేదు. మన మట్టిలో మొలిచిన పచ్చదనం, మోకాళ్ల దాకా.

హారతి కాగానే బల్ల దగ్గరికి వెళ్లి కింది వరస చేత్తోనే తుడిచేశాను. యోగేందర్ వెనకే వచ్చాడు. "తెంపింది మీరే గద సారూ, మీ పేరు కూడ రాయుండ్రి" అన్నాడు. నేను వినిపించుకోలేదు. సుద్దముక్కతో రాశాను: పత్రి – సాయమ్మ, నాగోలు.

సాయమ్మ వచ్చి బల్లకి ఎదురుగా నిలబడింది. మూడక్షరాలూ వేలితో గాల్లో లెక్కపెట్టుకుంది. తర్వాతివి తెలియలేదు.

"ఎనకాల ఇంకేందో రాసినవ్?"

"మీ ఊరు."

కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత రోడ్డు వైపు తిరిగి, పోయే ఆటోలనీ బస్సులనీ ఒకసారి చూసి, మళ్లీ బల్ల వైపు చూసింది.

"జర పెద్దగ రాయి సారూ. రోడ్డు మీద పోయేటోళ్లకు కనపడాలె."

లడ్డూ ఇచ్చినవాళ్లనీ పులిహోర ఇచ్చినవాళ్లనీ కాస్త పైకి జరిపి, సగం బల్ల ఖాళీ చేసి, సుద్దముక్క అయిపోయేదాకా పెద్దగా రాశాను.